చిన్నపిల్లల తరగతి గది అమరిక: బల్లల కన్నా ముందు దారులు

ప్రాథమిక తరగతి గదిని సర్దే పని చాలామంది బల్లలతో మొదలుపెడతారు. ఎన్ని బల్లలున్నాయి, వాటిని వరుసలుగా వేయాలా, గుంపులుగా వేయాలా అన్న ఆలోచనతోనే సగం రోజు గడిచిపోతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఇప్పుడు మాత్రం బల్లల సంగతి చివరికి వదిలేస్తున్నాను. పిల్లలు గదిలో ఎటు నుంచి ఎటు నడుస్తారు, కూర్చున్న చోటి నుంచి వారికి ఏమి కనిపిస్తుంది, ఏమి వినిపిస్తుంది, కావలసిన వస్తువు ఎవరినీ అడగకుండానే చేతికి అందుతుందా అన్న విషయాలు తేలిన తరువాత బల్లలు ఎక్కడ వేయాలో పెద్దగా ఆలోచించవలసిన అవసరం ఉండదు. ఆరు నుంచి పదేళ్ల వయసు పిల్లలుండే గదిని దృష్టిలో పెట్టుకొని ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను.

మోకాళ్ల మీద నిలబడి చూడడం

కాగితం, టేపు చేతిలోకి తీసుకోకముందే చేయవలసిన పని ఒకటుంది. గది తలుపు దగ్గర మోకాళ్ల మీద నిలబడి లోపలికి చూడాలి. ఆరేళ్ల పిల్లల ఎత్తు ఇంచుమించు 115 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, వారి చూపు నేల నుంచి 105 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది; కూర్చుంటే అది ఇంకా కిందికి దిగుతుంది. ఆ ఎత్తు నుంచి చూసినప్పుడు మనం ఎంతో శ్రద్ధగా అతికించిన చార్టులు తల పైకెత్తితే గాని కనిపించవు, అల్మరా మూడో అరలోని రంగుపెన్సిళ్ల డబ్బా అంచు మాత్రమే కనిపిస్తుంది, ఉపాధ్యాయుల బల్ల గోడలాగా అడ్డం నిలబడి ఉంటుంది. నిలబడి చూస్తే విశాలంగా అనిపించిన గది, ఇలా చూస్తే బల్లల కాళ్ల అడవిలా ఉంటుంది. కనిపించినవన్నీ అక్కడికక్కడే రాసుకోవడం మంచిది, ఎందుకంటే లేచి నిలబడగానే వాటిలో సగం మరిచిపోతాము.

పిల్లల కొలతల్లో గదిని అమర్చాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లోరెంజో ప్రాంతంలో తన మొదటి బాలగృహాన్ని, అంటే చిన్నపిల్లల బడిని, తెరిచారు. నేలకు బిగించిన బరువైన బల్లలకు బదులుగా పిల్లలు తామే ఎత్తి జరుపుకోగలిగిన తేలికైన బల్లలను, కుర్చీలను, వారి చేతికందే పొట్టి అల్మరాలను ఆమె చేయించారు. నూరేళ్లు దాటినా, పాఠశాలల్లో కొత్త సామాను కొనేటప్పుడు ఈ మొదటి సూత్రమే ఎక్కువగా మరుగున పడుతూ ఉంటుంది.

దారులు గీయడం

గది పొడవు, వెడల్పులను కొలిచి, మీటరుకు 5 సెంటీమీటర్ల చొప్పున ఒక కాగితం మీద గీసుకోవాలి. మనం కదపలేని వాటిని ముందుగా గుర్తించాలి: తలుపులు, అవి తెరుచుకునే వైపు, కిటికీలు, స్తంభాలు, బోర్డు, స్విచ్చులు, ఫ్యాన్లు, నీటి కుళాయి ఉంటే అది. బల్లలకు, అల్మరాలకు అదే కొలతలో అట్టముక్కలు కత్తిరించి పక్కన పెట్టుకోవాలి. వాటిని కాగితం మీద పేర్చాలన్న ఆత్రం కలుగుతుంది గాని, ముందు దారులను పెన్సిలుతో గీయాలి.

పిల్లలు ఉదయం తలుపులోంచి వచ్చి సంచి పెట్టే చోటికి వెళ్తారు, అక్కడి నుంచి తమ సీటుకు వస్తారు. రోజంతా సీటు నుంచి బోర్డుకు, చెత్తబుట్టకు, పుస్తకాల మూలకు, ఉపాధ్యాయుల దగ్గరికి, మరుగుదొడ్డికి వెళ్లడానికి తలుపు దగ్గరికి తిరుగుతూ ఉంటారు. ఈ గీతలన్నీ గీసిన తరువాత ఎక్కువ గీతలు ఒకదానినొకటి ఖండించుకున్న చోట ఒక చుక్క పెట్టండి. తోపులాటలు, కింద పడిపోయిన నీళ్ల సీసాలు, "వాడు నన్ను తోశాడు టీచర్" అన్న ఫిర్యాదులు పుట్టే చోటు అదే. ఆ చుక్క దగ్గర ఏ వస్తువునూ ఉంచకూడదు. ముఖ్యంగా సంచుల కొక్కేలను, నీళ్ల సీసాల అరను ఒకే గోడకు పక్కపక్కన పెడితే ఉదయం పది నిమిషాలు ఆ మూల సంతలా మారుతుంది; వాటిని రెండు వేర్వేరు వైపులకు పంచితే ఆ గొడవ ఎవరూ మందలించకుండానే తగ్గిపోతుంది.

దీనికి నా గదిలోనే జరిగిన ఒక ఉదాహరణ చెప్పగలను. ఒక ఏడాది చేత్తో తిప్పే పెద్ద షార్పనర్‌ను కిటికీ గట్టు మీద, పుస్తకాల మూలకు ఆనుకొని బిగించాను. ఉన్నది అదొక్కటే, గట్టు ఎత్తు కూడా పిల్లలకు సరిగ్గా ఉంది. వారం తిరగకముందే పుస్తకాల మూల ఖాళీ అయిపోయింది. కారణం తెలియక కొత్త పుస్తకాలు తెచ్చిపెట్టాను, అయినా ఫలితం లేదు. ఒకరోజు నేనే ఆ మూలలో కూర్చొని చూస్తే అసలు విషయం బయటపడింది: షార్పనర్ కోసం నిలబడ్డ నలుగురు పిల్లల మోచేతులు చదువుకునేవారి తల మీదుగా ఊగుతున్నాయి, చెక్కుపొట్టు తెరిచిన పేజీల మీద రాలుతోంది, వరుసలో ఉన్నవారు చదివేవారి పుస్తకంలోకి తొంగిచూసి బొమ్మల మీద వ్యాఖ్యానాలు చేస్తున్నారు. ఆ షార్పనర్‌ను తలుపు పక్కకు మార్చి, "మొన ఉన్నవి", "మొన విరిగినవి" అని రాసిన రెండు డబ్బాలను ప్రతి గుంపు దగ్గరా ఉంచాను. విరిగిన పెన్సిలును ఒక డబ్బాలో వేసి, రెండో దానిలోంచి ఇంకొకటి తీసుకుంటే చాలు. చెక్కే పని రోజుకొకసారి ఒకరికి అప్పగించవచ్చు. దానితో చదివేవారు తిరిగి వచ్చారు.

దారుల వెడల్పు విషయంలో ముఖ్యమైన నడక దారికి 90 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా వదలాలి. చక్రాల కుర్చీ వాడే విద్యార్థి ఉంటే ఆ కుర్చీ పూర్తిగా తిరగడానికి ఇంచుమించు 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీ జాగా కావాలి. ఆ జాగా తలుపు దగ్గర ఒక్కచోటే ఉంటే సరిపోదు, పుస్తకాల దగ్గర, బోర్డు దగ్గర కూడా ఉండాలి. లేకపోతే ఆ విద్యార్థి లోపలికి రాగలుగుతాడు గాని తరగతిలో పాల్గొనలేడు. కొలిచేటప్పుడు కుర్చీలను బల్ల కిందికి నెట్టి కాకుండా, పిల్లలు కూర్చున్నప్పుడు ఉన్నట్టుగా వెనక్కి లాగి కొలవాలి. కాగితం మీద బాగున్న అమరికలు నిజంలో ఇరుకుగా తేలడానికి చాలాసార్లు ఇదే కారణం.

చూపు, వెలుతురు, శబ్దం

గదిలో ఏ మూల నిలబడినా ఉపాధ్యాయులకు ప్రతి విద్యార్థి ముఖం కనిపించాలి. తరగతి నిర్వహణ మీద 1970లో ప్రచురించిన పరిశోధనలో జాకబ్ కూనిన్ ఒక విషయాన్ని గట్టిగా చెప్పారు: గదిలో ఎక్కడ ఏమి జరుగుతోందో ఉపాధ్యాయులకు తెలుసన్న సంగతి పిల్లలకు అర్థమైన తరగతుల్లో పని సజావుగా సాగుతుంది. కళ్లకు అడ్డం ఉన్న గదిలో ఇది సాధ్యం కాదు. అందువల్ల గది మధ్యలో విభజన కోసం ఉంచే అరల ఎత్తు 90 సెంటీమీటర్లు మించకుండా చూసుకొని, అంతకన్నా ఎత్తైన వాటిని గోడకు ఆనించి, అవి ముందుకు పడిపోకుండా గోడకు బిగించాలి. బరువైన వస్తువులను కింది అరల్లోనే ఉంచాలి. పిల్లలు అరలను మెట్లలా ఎక్కరని నమ్మడం పెద్దవాళ్ల అమాయకత్వం.

మన చూపు కూడా పక్షపాతమైనదే. 1970లోనే ఆడమ్స్, బిడిల్ తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు జరిపే సంభాషణలో ఎక్కువ భాగం ముందు వరుసలోనూ, మధ్య వరుస వెంబడీ కూర్చున్నవారితోనే జరుగుతుందని గమనించారు. వెనుక మూలల్లో ఉన్నవారు మంచివారైనా, చెడ్డవారైనా మన కంటికి తక్కువగా ఆనుతారు. దీనికి విరుగుడు రెండు విధాలుగా చేయవచ్చు. మూడు నాలుగు వారాలకొకసారి సీట్లను మార్చడం ఒకటి. పాఠం చెప్పేటప్పుడు నిలబడే చోటును మార్చుకోవడానికి వీలుగా గది చుట్టూ ఒక దారి వదలడం రెండోది. నా దృష్టిలో రెండోదే మేలైనది, ఎందుకంటే సీట్లు మార్చినా మూలలు మూలలుగానే ఉంటాయి గదా.

కిటికీకి వీపు పెట్టి పాఠం చెప్పే అమరికను మానుకోవాలి. వెనుక నుంచి వెలుతురు పడితే చెప్పేవారి ముఖం పిల్లలకు నల్లని నీడగా కనిపిస్తుంది. పెదవుల కదలికను చూసి మాటను పట్టుకునే విద్యార్థికి అది పాఠాన్ని సగం లాగేసుకున్నట్టే. బోర్డు మీద పడే మెరుపును ఒక్కసారి కాకుండా ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లూ, గది చివరి మూలల్లో పిల్లల ఎత్తులో కూర్చొని చూడాలి. ఉదయం చక్కగా కనిపించిన బోర్డు, మధ్యాహ్నం అద్దంలా మెరిసి ఒక్క అక్షరమూ కనిపించకుండా పోవచ్చు. పుస్తకం చదివే, రాసే చోట్ల 300 లక్స్‌కు (లక్స్ వెలుతురును కొలిచే ప్రమాణం) తగ్గకుండా వెలుతురు ఉండాలి.

శబ్దం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కాని మాట స్పష్టంగా వినిపించడం చిన్నపిల్లలకు పెద్దవారికన్నా ఎక్కువ అవసరం. పెద్దవారు సగం మాట విని మిగిలింది ఊహించుకోగలరు. కొత్త మాటలు నేర్చుకుంటున్న ఏడేళ్ల పిల్లకు ఆ ఊహ కుదరదు. గోడల ప్రతిధ్వని లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట స్థాయి 6 డెసిబెల్స్ పడిపోతుంది. అమెరికాలో తరగతి గదుల కోసం రూపొందించిన ప్రమాణం ఖాళీగా ఉన్న సాధారణ పరిమాణపు గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్‌కు మించకూడదని, ప్రతిధ్వని 0.6 సెకనులోపు సద్దుమణగాలని చెబుతుంది. ఆ కొలతలు తీసే పరికరం లేకపోయినా చప్పట్లు కొట్టి వింటే కొంత తెలుస్తుంది: శబ్దం గోడలకు తగిలి మోగుతూ నిలిచిపోతే, నేల మీద దళసరి తివాచీ, వెనుక గోడకు గుడ్డ పరిచిన బోర్డు, కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు ఆ గదికి అవసరం. వీటిలో చవకైనదీ, వెంటనే ఫలితం చూపేదీ రబ్బరు తొడుగే. ముప్పై కుర్చీలు ఒకేసారి గీరుకున్న శబ్దాన్ని విన్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వినికిడి సమస్య ఉన్న విద్యార్థిని ఫ్యాన్ కింద గాని, తలుపు పక్కన గాని, వీధి వైపు కిటికీ దగ్గర గాని కూర్చోబెట్టకూడదు.

ఇప్పుడు బల్లలు

వరుసలా, గుంపులా అన్న వాదానికి ఏకైక సమాధానం లేదు, పనిని బట్టే ఉంటుంది. 2008లో వన్నార్కా, రూల్ అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, పిల్లలు ఎవరి పని వారు చేసుకోవలసినప్పుడు వరుసల్లో దృష్టి నిలిచే అవకాశం ఎక్కువని, అల్లరికి అలవాటుపడ్డ పిల్లలకు ఈ లాభం మరింత స్పష్టంగా కనిపిస్తుందని, చర్చకు, కలిసి చేసే పనికి గుంపులు నప్పుతాయని తేల్చారు. చాలా గదుల్లో నాకు కనిపించే లోపం ఏమిటంటే, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి రోజంతా వారి చేత విడివిడిగా రాయిస్తారు, పైగా మాట్లాడవద్దని హెచ్చరిస్తూ ఉంటారు. ఎదురుగా స్నేహితుడి ముఖం పెట్టి మాట్లాడకు అనడం అన్యాయం. మీ తరగతిలో రోజుకు ఎక్కువ సమయం జరిగే పని ఏదో నిజాయితీగా లెక్కపెట్టి, దానికి తగిన రూపాన్ని శాశ్వతంగా ఉంచి, రెండో రూపానికి రెండు మూడు నిమిషాల్లో పిల్లలే మార్చుకోగలిగేలా ఏర్పాటు చేసుకోవాలి. ఇద్దరు కూర్చునే తేలికైన బల్లలైతే, ఒక బల్లను తిప్పి ఇంకొక దానికి ఆనిస్తే నలుగురి గుంపు తయారవుతుంది. ఈ మార్పును మొదటి వారంలో నాలుగైదుసార్లు సాధన చేయించాలి: ఏ బల్లను ఎవరు పట్టుకోవాలి, ఏ వైపుకు తిప్పాలి, ముందు ఎవరు కదలాలి అన్నవి ఆటలా నేర్పితే ఆరేళ్లవారు కూడా చక్కగా చేస్తారు.

గుంపులు వేసినప్పుడు ఏ విద్యార్థి వీపూ బోర్డు వైపు ఉండకుండా బల్లలను పక్కవాటుగా తిప్పాలి. ఎడమచేతితో రాసే విద్యార్థికి బల్ల ఎడమ కొసన చోటివ్వాలి; లేకపోతే అతని మోచేయి పక్కనున్న కుడిచేతివాటం విద్యార్థి మోచేతిని నిమిషానికొకసారి తగులుతుంది, తప్పు మాత్రం ఎప్పుడూ ఎడమచేతివానిదే అవుతుంది.

బల్ల ఎత్తును పేరుకు కాకుండా నిజంగా సరిచూడాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం 108 నుంచి 121 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు కుర్చీ 31, బల్ల 53 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 119 నుంచి 142 సెంటీమీటర్ల వారికి కుర్చీ 35, బల్ల 59. ఒకే తరగతిలోని పిల్లలు కూడా ఈ రెండు కొలతలకూ పంచుకుపోతారు కాబట్టి, ఒకే సైజు సామానుతో గది నింపడం పొరపాటు. కొలిచే ఓపిక లేకపోతే కూర్చోబెట్టి చూడండి: పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మోచేయి మడిచినప్పుడు బల్ల పైభాగం దాదాపు దాని ఎత్తుకే రావాలి. పాదాలు గాలిలో ఊగే విద్యార్థి రాతలో కుదురు లేదని మందలించేముందు, ఆ పాదాల కింద ఒక చెక్కపీట వేసి చూడడం మంచిది. ఎత్తు చాలని చోట సర్దుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

ఇక ఉపాధ్యాయుల బల్ల. గదిలో అన్నిటికన్నా పెద్ద సామాను అదే, అన్నిటికన్నా తక్కువ వాడేదీ అదే. నాది కాలక్రమంలో కాగితాల గుట్టగా మారింది. దానిని ఒక పక్క మూలకు నెట్టివేసి, ముందు భాగంలో మిగిలిన చోటును పిల్లలందరూ నేల మీద కూర్చొని కథ వినడానికి వదిలితే గది స్వరూపమే మారుతుంది. ఒక్కొక్కరికి 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల చోటు చొప్పున లెక్కవేస్తే, 30 మందికి ఇంచుమించు 11 చదరపు మీటర్లు కావాలి. అంత చోటు దొరకని చోట సగం మందిని నేల మీద, సగం మందిని సీట్లలో ఉంచి రోజు మార్చి రోజు మార్పించవచ్చు.

మూలలు, అరలు

గదిలో నిశ్శబ్దంగా సాగే పనులను ఒక వైపుకు, చప్పుడు చేసే పనులను మరో వైపుకు, తడి పనులను కుళాయి దగ్గరికి చేర్చితే సగం సమస్య తీరుతుంది. పుస్తకాల మూల తలుపుకు దూరంగా, వెలుతురు పడే చోట ఉండాలి. పుస్తకాల వీపులు కాకుండా ముఖచిత్రాలు కనిపించేలా పెడితే ఇంకా చదవడం పట్టుబడని పిల్లలు కూడా తమకు తాముగా ఎంచుకుంటారు. ఒంటరిగా కాసేపు కూర్చోవాలనుకునే విద్యార్థికి ఒక చిన్న చోటు కావాలి. దానిని శిక్షకు ఎన్నడూ వాడకూడదు, ఎందుకంటే ఒక్కసారి అలా వాడితే ఇక ఎవరూ ఇష్టపడి అక్కడికి వెళ్లరు.

ప్రతి డబ్బాకూ, అరకూ పేరుతో పాటు బొమ్మను కూడా అతికించాలి. రంగును మాత్రమే గుర్తుగా వాడకూడదు, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని పిల్లలు తరగతిలో ఒకరిద్దరు ఉండే అవకాశం ఉంది. రోజూ వాడేవి పిల్లల నడుముకూ కళ్లకూ మధ్య ఎత్తులో ఉండాలి. సంవత్సరానికొకసారి వాడేవాటిని గదిలోంచి తీసి వేరే చోట దాచడమే ఉత్తమం.

గోడల మీద ఎంత ఉండాలి

ఇక్కడ చాలామందితో నాకు పేచీ వస్తుంది. ఖాళీ గోడ కనబడితే బద్ధకం అనుకుంటారు. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా ఫిషర్ బృందం 24 మంది చిన్నపిల్లలకు, నిండుగా అలంకరించిన గదిలో కొన్ని పాఠాలు, బోడిగోడల గదిలో కొన్ని పాఠాలు చెప్పించింది. అలంకరించిన గదిలో వారి దృష్టి ఎక్కువసేపు పక్కకు మళ్లింది, నేర్చుకున్నదీ తగ్గింది. అలాగని గోడలను పూర్తిగా బోడిగా వదలాలని కాదు. పీటర్ బారెట్ బృందం ఇంగ్లాండులో 27 ప్రాథమిక పాఠశాలల్లోని 153 తరగతి గదులను పరిశీలించి 2015లో ఇచ్చిన నివేదికలో, పిల్లల ఏడాది ప్రగతిలో కనిపించిన తేడాలలో 16 శాతం వరకు గదుల భౌతిక లక్షణాలతో ముడిపడి ఉందని అంచనా వేశారు. వెలుతురు, గాలి, వేడితో పాటు గది పిల్లలకు తమదని అనిపించడం, కళ్లకు తగుమాత్రం ఆకర్షణ ఉండడం కూడా ఆ లక్షణాలలో ఉన్నాయి.

ఆచరణలో నేను పాటించే పద్ధతి ఇది. బోర్డు ఉన్న గోడ మీద ఆ వారం పాఠానికి అవసరమైనది తప్ప ఏమీ ఉంచను. పక్క గోడలకు పిల్లలు చేసిన పనులను వారి కళ్ల ఎత్తులో పెడతాను, మూడో వంతుకు పైగా గోడను ఖాళీగా వదులుతాను. వెనుక గోడ మీద కొంచెం స్వేచ్ఛ తీసుకుంటాను, పాఠం వినేటప్పుడు పిల్లలు దాన్ని చూడరు కాబట్టి. నెల దాటిన చార్టును తీసేసి, ఎవరైనా గమనించారా అని చూస్తాను. ఎవరూ అడగలేదంటే అది చాలాకాలంగా గోడలో కలిసిపోయిందని అర్థం.

మొదటి రెండు వారాలు

అమరిక పూర్తయ్యాక పిల్లలు వచ్చి చేరిన మొదటి రెండు వారాలూ దానిని పరీక్షించే కాలంగా భావించాలి. కాగితం మీద గీసిన గది పటం నకలు ఒకటి దగ్గర ఉంచుకొని, గొడవ జరిగిన ప్రతి చోట ఒక గుర్తు, ఎవరూ వెళ్లని ప్రతి చోట ఒక సున్నా పెట్టాలి. వారం చివర గుర్తులు ఎక్కడ గుమిగూడాయో చూసి, ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పిల్లల చేత కూడా గది బొమ్మ గీయించి, తమకు ఇష్టమైన చోటికి ఒక రంగు, ఇష్టం లేని చోటికి ఇంకో రంగు వేయమంటే, మనం ఎన్నడూ ఊహించని కారణాలు బయటికి వస్తాయి. ఒకసారి ముగ్గురు పిల్లలు ఒకే బల్లకు అయిష్టమైన రంగు వేశారు. అడిగితే, మధ్యాహ్నం ఆ బల్ల మీద పడే ఎండ పెన్సిలు రాతను కనిపించనివ్వడం లేదని చెప్పారు. దానిని ఒక్క మీటరు పక్కకు జరిపితే సరిపోయింది.

కుదిరిన అమరికను నిలబెట్టడానికి ప్రతి బల్ల ముందు కాళ్లు ఆనిన చోట నేల మీద రంగు టేపు ముక్కలు అతికించాలి. గది ఊడ్చిన తరువాత బల్లలు ఎటు జరిగినా, ఉదయం వచ్చిన పిల్లలు కాళ్లను ఆ గుర్తుల మీదికి చేర్చి గదిని తామే తిరిగి సర్దుకోగలుగుతారు.